నలుగురి ముందు తెరిచిన పద్దు

కష్టాల్లో పడిన కంపెనీ గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎప్పుడూ ఒక్క మనిషినే వెతుకుతాం. ముంచిందెవరు, గట్టెక్కించిందెవరు అని. సత్యం కంప్యూటర్స్ కథనూ ఇన్నేళ్లుగా ఇలాగే చెప్పుకుంటున్నాం: కంపెనీ పెట్టిన రామలింగరాజు ముంచాడు, మహీంద్రా వాళ్లు తేల్చారు. ఈ రెండు ముక్కలకీ మధ్య 2009 జనవరి 7 నుంచి ఏప్రిల్ 13 దాకా మూడు నెలల పైచిలుకు కాలం ఉంది. ఆ కాలంలో కంపెనీకి యజమాని అనదగ్గ మనిషి లేడు. ఖజానాలో సరిపడా డబ్బు లేదు. నమ్మదగ్గ లెక్కల పుస్తకం అసలే లేదు. ఉన్నదల్లా 53 వేల మంది ఉద్యోగులు, అరవైకి పైగా దేశాల్లో జరుగుతున్న పని, నెలాఖరుకి ఇవ్వాల్సిన జీతాలు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట అపార్ట్‌మెంట్లలో, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో పత్తి, మిరప అమ్మిన డబ్బుతో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించి హైదరాబాద్ పంపిన ఇళ్లకు అది షేర్ మార్కెట్ వార్త కాదు, ఇంటి సంగతి. ఆ మూడు నెలల్లో కంపెనీని నడిపింది ఒక వీరుడు కాదు. పనులు పంచుకున్న ఓ పదిమంది. వాళ్లు గెలిచింది కలిసికట్టుగా ఉన్నందుకే అనుకుంటే సగమే నిజం. లెక్కలన్నీ అందరి ముందూ పెట్టుకుని కలిసికట్టుగా ఉన్నారు కాబట్టి గెలిచారన్నది నా వాదన. ఈ రెండింటికీ మధ్య తేడా ఎంతటిదో సత్యం కథే చెబుతుంది, ఎందుకంటే ఆ కంపెనీ మునగడానికి ముందు కూడా అక్కడ బోర్డూ ఉంది, బృందాలూ ఉన్నాయి.

ముందు మునక సంగతి. 1987లో మొదలైన సత్యం 2008 నాటికి దేశంలో నాలుగో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా షేరు నడిచేది. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలన బాగున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. బోర్డులో తొమ్మిది మంది. అందులో బయటినుంచి వచ్చిన ఆరుగురూ మామూలు వాళ్లు కారు: హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలెపు, పెంటియం చిప్ రూపకర్తల్లో ఒకరైన వినోద్ ధామ్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామ్మోహన్‌రావు, కేబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, ఢిల్లీ ఐఐటీ డైరెక్టరుగా చేసిన వి.ఎస్. రాజు, మంగళం శ్రీనివాసన్. ఇలాంటి బోర్డు 2008 డిసెంబరు 16న, రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో సగానికి పైగా వాటాను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. నెల తిరిగేలోపు బయటి డైరెక్టర్లలో నలుగురు రాజీనామా చేసి వెళ్లిపోయారు. జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. బ్యాంకుల్లో ఉన్నాయని చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవని అందులో రాశాడు. సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్లు నిర్వహణ లాభం చూపితే, అసలు మిగిలింది 61 కోట్లు. లేని వడ్డీ, చూపని అప్పు, ఎక్కువ చేసి చూపిన బాకీలు కలిపితే మొత్తం తేడా 7,136 కోట్లు. ఆ ఒక్క రోజే షేరు విలువలో దాదాపు 78 శాతం ఆవిరైపోయింది.

ఇంతమంది మేధావులున్న బోర్డుకు ఇది ఎలా కనబడలేదన్నది అందరూ అడిగిన ప్రశ్నే. దానికన్నా లోతైన ప్రశ్న ఇంకొకటుంది: కంపెనీ లోపల పనిచేసే మేనేజర్లకు ఎలా కనబడలేదు? సత్యంలో వ్యాపారాన్ని చిన్న చిన్న విభాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క దానికీ ఒక నాయకుణ్ణి పెట్టి, నీ విభాగానికి నువ్వే సీఈఓ అని చెప్పే పద్ధతి ఉండేది. నాయకత్వాన్ని కిందిదాకా పంచామని కంపెనీ గర్వంగా చెప్పుకునేది కూడా. తన క్లయింటుకు ఎంత బిల్లు పంపారో విభాగం నాయకుడికి కచ్చితంగా తెలుసు. మరి లేని బిల్లులు పుట్టినప్పుడు ఆయన గుర్తుపట్టాలి కదా? సీబీఐ దర్యాప్తు ఆ కిటుకును బయటపెట్టింది. కంపెనీ ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో సూపర్ యూజర్ అనే ఒక దొంగదారి ఉండేది. దానితో లోపలికి వెళ్లి తయారుచేసిన ఇన్‌వాయిస్‌కు హెచ్ అనే గుర్తు పెడితే అది విభాగాల వాళ్ల తెరమీద కనబడదు, ఎస్ అని పెడితే కనబడుతుంది. హెచ్ గుర్తున్నవి విభాగాల కంటబడకుండానే నేరుగా ఆదాయం లెక్కలో కలిసిపోయేవి. సీబీఐ లెక్కన ఇలాంటి బోగస్ ఇన్‌వాయిస్‌లు 7,561, వాటి విలువ 5,117 కోట్లు. ఆ డబ్బు వచ్చి చేరిందని చూపడానికి దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు. అంటే అధికారం వందలమందికి పంచినట్టే పంచి, మొత్తం లెక్క మాత్రం నలుగురైదుగురి గుప్పిట్లో ఉంచుకున్నారన్న మాట. గుంటూరు మిర్చి యార్డులో ఉమ్మడిగా కమిషన్ కొట్టు పెట్టిన ముగ్గురిలో ఒకరు కాటా దగ్గర, ఒకరు కొనుగోలుదారుల దగ్గర, ఒకరు గల్లా దగ్గర కూర్చుంటారు. పొద్దుగూకాక ముగ్గురూ చిట్టా ముందు కూర్చుంటేనే అది ఉమ్మడి వ్యాపారం. గల్లా దగ్గరున్న మనిషి చిట్టాను పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే మిగతా ఇద్దరూ పేరుకే భాగస్తులు.

ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మోసం కూడా జట్టుగా చేసిన పనే. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో రాజు సోదరులతో పాటు కంపెనీ ఫైనాన్స్ అధిపతి, ఆ విభాగం ఉద్యోగులు, అంతర్గత ఆడిట్ అధికారి, బయటి ఆడిటర్లు ఇద్దరు ఉన్నారు. (వాళ్లు అప్పీలుకు వెళ్లారు, ఆ తర్వాతి నెలలో శిక్ష అమలు ఆగి, బెయిలు వచ్చింది.) ఏళ్ల తరబడి ఒకరి మాట ఒకరు కాపాడుకుంటూ, ఒక్కరు కూడా బయటపడకుండా పనిచేశారని కోర్టు నమ్మిన బృందం అది. కాబట్టి ఐకమత్యం దానంతటదే మంచిదని చెప్పడానికి వీల్లేదు. తప్పును లోపలే ప్రశ్నించే వీలు లేని ఐకమత్యం ఎంత గట్టిదైతే అంత ప్రమాదం.

ఇప్పుడు ఆ మూడు నెలల సంగతి చూద్దాం. కంపెనీ లా బోర్డు అనుమతితో పాత బోర్డును రద్దుచేసిన కేంద్ర ప్రభుత్వం, జనవరి 11న ముగ్గుర్ని, మరి నాలుగు రోజులకు ఇంకో ముగ్గుర్ని నియమించింది. ఈ ఎంపికే గమనించదగ్గది. అప్పటి హెచ్‌డీఎఫ్‌సీ అధిపతి దీపక్ పారేఖ్‌కు బ్యాంకులు తెలుసు. నాస్కామ్‌కు ఏళ్లపాటు అధ్యక్షుడిగా ఉన్న కిరణ్ కార్నిక్‌కు సాఫ్ట్‌వేర్ రంగం, దాని క్లయింట్లు తెలుసు. సెబీ అప్పీళ్ల ట్రిబ్యునల్‌కు నాయకత్వం వహించిన సి. అచ్యుతన్‌కు చట్టం తెలుసు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు అధ్యక్షుడిగా చేసిన టి.ఎన్. మనోహరన్‌కు లెక్కలు తెలుసు. సీఐఐలో దశాబ్దాలు పనిచేసిన తరుణ్ దాస్‌కు పరిశ్రమ పెద్దలందరూ తెలుసు. ఎల్‌ఐసీ నుంచి వచ్చిన బాలకృష్ణ మైనాక్‌కు పెద్ద మదుపరుల మనసు తెలుసు. పాత బోర్డులోని వాళ్లు వీళ్లకన్నా తక్కువ వాళ్లేం కారు. తేడా ఏమిటంటే, వీళ్ల ముందు పైవాడు వడ్డించిన విస్తరి లేదు. కంపెనీలో నిజంగా ఎంత డబ్బుందో తామే పోయి వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే మొదటి పనిగా పాత ఆడిటర్లను పక్కనపెట్టి, లెక్కలు తిరగరాయడానికి కేపీఎంజీ, డెలాయిట్ సంస్థలను, అంతర్గత ఆడిట్‌కు బ్రహ్మయ్య అండ్ కోను తెచ్చుకున్నారు. ఎవరి పని ఏదైనా, తేలిన అంకె మాత్రం ఆరుగురి బల్లమీదికీ ఒకేసారి వచ్చేది.

ఆ అంకె భయంకరంగా ఉండేది. జీతాలకూ మిగతా ఖర్చులకూ నెలకు సుమారు 500 కోట్లు కావాలి. రాజు లేఖ ప్రకారమే చేతిలో మిగిలింది 321 కోట్లు, అది కూడా అంతకుముందు సెప్టెంబరు నాటి మాట. క్లయింట్ల దగ్గర రావాల్సిన బాకీలు వసూలు చేస్తేనే జనవరి జీతాలు పడతాయి. క్లయింట్లు బాకీ కట్టాలంటే తమ పని ఆగదన్న ధీమా ఉండాలి. పని ఆగకూడదంటే రాత్రి షిఫ్టులో కూర్చున్న ఇంజినీరు వేరే కంపెనీ ఫోనుకు పలకకుండా ఉండాలి. ఆ ఇంజినీరు ఉండాలంటే జీతం పడాలి. ఒకదాని కొస ఇంకోదానికి ముడిపడి ఉన్న పని ఇది. ఒక్కరే అయితే ఏదో ఒక కొస దగ్గరే చిక్కుకుపోయేవారు. బ్యాంకుల పని ఒకరు, వసూళ్ల పని ఒకరు, క్లయింట్లతో మాటలు ఒకరు ఒకే వారంలో సాగించారు. జనవరి జీతాలు పడ్డాయి. ఫిబ్రవరి మొదటి వారానికి బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు ఖాయమైంది. స్టేట్ ఫార్మ్ వంటి పెద్ద క్లయింట్లు కొందరు వెళ్లిపోయారు. ఎక్కువమంది ఉండిపోయారు. ఉండిపోయిన వాళ్లను నిలబెట్టింది మాత్రం కంప్యూటర్ల ముందు కూర్చున్న వేలమంది. యజమాని జైల్లో, షేరు నేలమీద, వీధిలో వింత చూపులు. అప్పుడు కూడా పనిని గడువులోపు అప్పగించిన ఆ పిల్లల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. నాయకత్వం పంచుకోవడం అంటే బోర్డు గదిలోని ఆరుగురే అనుకుంటే వాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఫిబ్రవరి 5న తీసుకున్న నిర్ణయం ఈ కథ మొత్తానికీ కీలకమని నా నమ్మకం. సీఈఓ కోసం బయట పేరున్న వాళ్లను చాలామందిని చూశాక, బోర్డు 1994 నుంచి సత్యంలోనే ఉన్న ఎ.ఎస్. మూర్తిని ఎంచుకుంది. ఉద్యోగులకూ క్లయింట్లకూ తెలిసిన మనిషి. అయితే ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. టాటా కెమికల్స్ నడిపిన హోమీ ఖుస్రోఖాన్‌ను, మురుగప్ప గ్రూపులో ఫైనాన్స్ చూసిన పార్థో దత్తాను ప్రత్యేక సలహాదారులుగా పక్కన కూర్చోబెట్టింది. లోపలి మనిషికి పని తెలుసు, అయితే లోపలి మనిషి మీద అనుమానం ఉంటుంది. బయటి మనిషి మీద అనుమానం ఉండదు, అయితే పని తెలియదు. ఈ రెండు లోట్లనూ ముగ్గురి మధ్య సర్దారు. ముఖ్యంగా ఫైనాన్స్ మీద ఓ కొత్త కన్ను పడింది. అంతకుముందు పదేళ్లలో సత్యానికి లేనిది అదే.

ఇక అభ్యంతరాలు. పదిమంది కూర్చుంటే పని తెమలదు, నిప్పంటుకున్న ఇంట్లో సమావేశాలేంటని అడిగేవాళ్లున్నారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. లేఖ వచ్చిన నాలుగో రోజుకు బోర్డు, వారం దాటేసరికి కొత్త ఆడిటర్లు, నెలలోపు సీఈఓ, అప్పు. మూడు నెలలకు వేలం పూర్తి. పైగా ఆడిట్ అయిన లెక్కలు చేతిలో లేకుండానే కంపెనీని అమ్మాల్సి వచ్చింది. అందుకని వేలం సక్రమంగా జరిగేలా చూడమని సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచాను కోరారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు చొప్పున, ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసలు, విల్బర్ రాస్ 20 రూపాయలు పాడారు. 31 శాతం వాటా 1,757 కోట్లకు టెక్ మహీంద్రా చేతికొచ్చింది. ఒక్కడి పెత్తనం వేగంగా ఉంటుందన్న మాట నిజమే. మేటాస్ కొనుగోలు నిర్ణయం కూడా వేగంగానే జరిగింది.

దీనికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. రెండు కుర్చీల పద్ధతి పెద్ద పెద్ద కంపెనీల్లోనే బెడిసికొట్టింది. అదే కాలంలో, 2008 ఏప్రిల్‌లో, విప్రో ఐటీ వ్యాపారానికి గిరీశ్ పరాంజపే, సురేశ్ వాస్వానీలను జంట సీఈఓలుగా పెట్టి, 2011 జనవరిలో ఇద్దర్నీ తప్పించి టి.కె. కురియన్ ఒక్కడికే అప్పగించింది. బ్లాక్‌బెర్రీ తయారుచేసిన రిసెర్చ్ ఇన్ మోషన్ ఐఫోన్ దెబ్బకు దిగజారుతుంటే జంట సీఈఓలు బాల్సిలీ, లజారిడిస్ ఇద్దరూ 2012 జనవరిలో పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. ఈ ఉదాహరణల్ని నేను తోసిపుచ్చను. అయితే ఆ రెండు చోట్లా జరిగింది ఒకే పదవిని ఇద్దరికివ్వడం. సత్యంలో 2009లో జరిగింది అది కాదు. సీఈఓ ఒక్కడే. ఫలానా క్లయింటుకు ఎవరు జవాబు చెప్పాలి, ఫలానా బ్యాంకుతో ఎవరు మాట్లాడాలి అన్నదాంట్లో గందరగోళం లేదు. పంచుకున్నది పని, సమాచారం. బాధ్యత దేనికదే ఒకరి మెడకు చుట్టుకుని ఉంది. నలుగురిదీ అన్న పని ఎవరిదీ కాకుండా పోతుందని మన ఊళ్లలో ఉమ్మడి ఆస్తుల గురించి అనే మాట జంట కుర్చీలకు సరిగ్గా సరిపోతుంది.

ప్రభుత్వం వెనక నిలబడింది కాబట్టి నెగ్గారని మరికొందరు అంటారు. అది కాదనలేం. ప్రభుత్వం వాళ్లను నియమించకపోతే ఆ వేగం వచ్చేది కాదు, సెబీ నిబంధనలు సడలించకపోతే అమ్మకం కుదిరేది కాదు. కానీ ఖజానా నుంచి ప్రభుత్వం ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టలేదు. వసూళ్లు, అప్పు, అమ్మకం ఇవన్నీ బోర్డూ ఉద్యోగులూ తెచ్చినవే. ఇందులో నాకు మింగుడు పడని సంగతి ఒకటుంది. ఆ మూడు నెలలు నిలబెట్టిన వాళ్లలోనే వేలమందిని, కొత్త యజమాని వచ్చాక 2009 జూన్‌లో వర్చువల్ పూల్ పేరుతో తగ్గించిన జీతంతో ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. పని కన్నా మనుషులు ఎక్కువున్నారన్న లెక్క తప్పు కాకపోవచ్చు. భారం పంచుకునేటప్పుడు మాత్రం నాయకత్వాన్ని పంచుకున్న వాళ్లకూ కింది వాళ్లకూ సమానంగా పడలేదు. ఉమ్మడి నాయకత్వం గురించి మెచ్చుకుంటూ రాసేవాళ్లు దీన్ని దాటేయకూడదు. అసలు లెక్కలు తేలడానికి 2010 సెప్టెంబరు దాకా పట్టింది. 2008-09 సంవత్సరానికి నష్టం 8,177 కోట్లని అప్పుడుగానీ తెలియలేదు.

సత్యం తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో ఈ అనుభవం జాడలు కనిపిస్తాయి. ఆడిటర్లను నియమిత కాలం తర్వాత మార్చాలి. స్వతంత్ర డైరెక్టర్లు ఏడాదికి కనీసం ఒకసారి, మేనేజ్‌మెంట్ వాళ్లెవరూ లేకుండా విడిగా కూర్చోవాలి. ఈ రెండో నియమం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. పైవాడు లేని గదిలో అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. కానీ చట్టం సమావేశం పెట్టించగలదే గానీ ప్రశ్న అడిగించలేదు. 2023 జూన్‌లో ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ కష్టాల్లో ఉన్నప్పుడు ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది, పెట్టుబడిదారుల తరఫు డైరెక్టర్లు ముగ్గురు రాజీనామా చేశారు. 2008 డిసెంబరులో సత్యం నుంచి నలుగురు వెళ్లిపోయిన తీరే మళ్లీ. వాళ్లను తప్పుపట్టడం తేలిక. లెక్కలు చేతికి రానప్పుడు కూర్చుని చేసేదేముందని వాళ్లు అడగొచ్చు. నిజానికి లెక్కలు చేతికి రావట్లేదని గట్టిగా, వాటాదారులు వినేలా చెప్పడమే అప్పుడు చేయాల్సిన పని. గుంటూరు, విజయవాడ కాలేజీల నుంచి వచ్చి ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి స్టార్టప్ పెట్టుకుంటున్న ఈ రోజుల్లో ఎవరు సీఈఓ, ఎవరు సీటీఓ అన్నది విజిటింగ్ కార్డు అచ్చువేయించేనాటికే తేలిపోతోంది. బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు అందరి ఫోన్లలోకీ వస్తోందా అన్న ప్రశ్న ఇద్దరి మధ్య మాట తేడా వచ్చాక గానీ పుట్టడం లేదు.

సత్యంలో ఆ మూడు నెలల జట్టు చివరికి ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2009 జూన్‌లో కంపెనీ పేరు మహీంద్రా సత్యం అయింది. సి.పి. గుర్నానీ సీఈఓగా వచ్చారు. నాలుగు నెలలకు పైగా ఆ కుర్చీలో ఉన్న ఎ.ఎస్. మూర్తి అదే కంపెనీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసరుగా ఒక మెట్టు కిందికి దిగి పనిలో కొనసాగారు. ప్రభుత్వం పంపిన డైరెక్టర్లలో మనోహరన్, అచ్యుతన్ కొత్త బోర్డులోనూ ఉండి లెక్కల పని చూశారు. 2013 జూన్‌లో మహీంద్రా సత్యం టెక్ మహీంద్రాలో విలీనమైంది. కుర్చీ తనదే అనుకున్న మనిషి ఆ మెట్టు దిగడు. పని నలుగురిదీ, పద్దు అందరి ముందూ ఉన్నది కాబట్టి మూర్తి దిగగలిగారు.